కలకత్తా గెంటేసిన సంపాదకుడు

1794 చివరి రోజులు. కలకత్తాలో 'వరల్డ్' అనే ఆంగ్ల పత్రిక నడుపుతున్న విలియం డ్యువేన్‌కు గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ నివాసం నుంచి పిలుపు వచ్చింది. ఉదయపు ఫలహారానికి రమ్మన్నారనే తాను వెళ్లానని డ్యువేన్ తర్వాత చెప్పుకున్నాడు. అక్కడ ఫలహారమూ లేదు, గవర్నర్ జనరలూ కనిపించలేదు. కార్యదర్శి బయటికి వచ్చి, నువ్వు ఖైదీవని చెప్పాడు. తుపాకులకు బాయ్‌నెట్లు బిగించిన సిపాయిలు చుట్టుముట్టారు. అక్కణ్నించి ఫోర్ట్ విలియంకు, కోట నుంచి 'విలియం పిట్' అనే ఓడలోకి తరలించారు. ఇల్లు, అచ్చుయంత్రం, పుస్తకాలు, చందాదారుల నుంచి రావలసిన బాకీలు కలకత్తాలోనే ఉండిపోయాయి. నేరారోపణ లేదు, విచారణ లేదు, తీర్పు లేదు.

అవేవీ అక్కర్లేని అధికారం కంపెనీకి ఉంది. ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండా ఏ యూరోపియనూ దాని భూభాగంలో ఉండడానికి వీల్లేదు. ఇచ్చిన అనుమతిని ఎప్పుడైనా రద్దు చేయవచ్చు. రద్దయిందంటే ఓడ ఎక్కాల్సిందే. పత్రికల నోరు మూయించడానికి కంపెనీ దొరలకు ఇంతకన్నా సులువైన దారి దొరకలేదు. మనిషిని సముద్రం దాటిస్తే అతని రాతలూ అతనితోపాటే పోతాయని వాళ్ల నమ్మకం.

జరిగింది వేరు. కలకత్తా వదిలించుకున్న డ్యువేన్ ఏడాది తిరగకుండానే లండన్‌లో వేలమంది హాజరైన సభకు అధ్యక్షత వహించాడు. ఆరేళ్లలో అమెరికా అధ్యక్షుడి ఓటమికి కారకుల్లో ఒకడయ్యాడు. 1776 నుంచి 1820ల దాకా అట్లాంటిక్ సముద్రానికి రెండు వైపులా విప్లవాలు రగిలిన కాలంలో ఇలా తరిమేస్తే ఇంకో రేవులో తేలిన వాళ్లు వందల్లో ఉన్నారు. ఐరిష్ వకీళ్లు, స్కాటిష్ కరపత్ర రచయితలు, ఇంగ్లిష్ శాస్త్రవేత్తలు, ఫ్రెంచి వలస భూముల అధికారులు, దక్షిణ అమెరికా కుట్రదారులు... వాళ్లను ఒకచోటికి చేర్చింది ఏ రహస్య సంఘమో కాదు. వాళ్లను వెళ్లగొట్టిన ప్రభుత్వాలే చాలావరకు ఆ పని చేసిపెట్టాయి.

డ్యువేన్ 1760లో ఐరిష్ క్యాథలిక్ తల్లిదండ్రులకు పుట్టాడు. ఎక్కడ పుట్టాడన్నది మాత్రం జీవితమంతా అతన్ని వెంటాడిన ప్రశ్న. న్యూయార్క్ సీమలోని షాంప్లేన్ సరస్సు దగ్గర పుట్టానని అతను చెప్పుకునేవాడు. న్యూఫౌండ్‌లాండ్‌లో పుట్టాడని ఇటీవలి పరిశోధకుల వాదన. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి కొడుకుని తీసుకుని ఐర్లండులోని క్లాన్‌మెల్ పట్టణానికి చేరింది. పందొమ్మిదో ఏట ప్రొటెస్టెంట్ అమ్మాయి కేథరిన్ కార్కొరన్‌ను పెళ్లాడినందుకు తల్లి అతనికి ఆస్తి దక్కకుండా చేసింది. బతుకుతెరువు కోసం అచ్చుపని నేర్చుకున్నాడు. లండన్ వెళ్లి పార్లమెంటు చర్చలు రాసే విలేకరిగా పనిచేశాడు. అదీ చాలక భార్యాపిల్లల్ని ఐర్లండులో వదిలి, కంపెనీ సైన్యంలో మామూలు సిపాయిగా చేరి, 1787లో బెంగాల్‌లో దిగాడు.

సిపాయి బతుకు ఎక్కువ కాలం సాగలేదు. కాస్త అక్షరాలు కూర్చడం, కాస్త రాయడం వచ్చిన తెల్లవాడికి కలకత్తాలో అప్పట్లో గిరాకీ ఉండేది. హిక్కీ 1780లో తొలి పత్రిక పెట్టి జైలుపాలైన నగరం అది. డ్యువేన్ 'బెంగాల్ జర్నల్'కు సంపాదకుడు, భాగస్వామి అయ్యాడు. 1791లో మైసూరు యుద్ధం మంచి ఊపులో ఉన్నప్పుడు, టిప్పు మీదికి దండెత్తిన లార్డ్ కార్న్‌వాలిస్ చనిపోయాడన్న పుకారును అచ్చువేశాడు. అది ఫ్రెంచివాళ్ల నుంచి వచ్చిన మాటని రాశాడు. కలకత్తాలోని ఫ్రెంచి ప్రతినిధి మండిపడి ఫిర్యాదు చేశాడు. దేశం నుంచి పంపేయమని ఉత్తర్వు వచ్చింది. డ్యువేన్ సుప్రీంకోర్టుకెళ్తే, పంపేసే హక్కు కంపెనీకి ఉందని కోర్టు తేల్చింది. తర్వాత వచ్చిన ఫ్రెంచి ప్రతినిధి పట్టు సడలించడంతో ఉత్తర్వు ఆగింది గానీ, పత్రిక మాత్రం చేజారింది.

ఈ కార్న్‌వాలిస్ దారీ డ్యువేన్ దారీ మళ్లీ మళ్లీ ఎదురుపడతాయి. 1781లో యార్క్‌టౌన్ దగ్గర వాషింగ్టన్ సేనలకు లొంగిపోయి అమెరికాను పోగొట్టుకున్న సేనాని ఇతనే. 1786లో ఇండియాకు గవర్నర్ జనరల్‌గా వచ్చిందీ ఇతనే. నిజాం నుంచి గుంటూరు సర్కారును కంపెనీ స్వాధీనం చేసుకున్నది 1788లో ఇతని హయాంలోనే. పదేళ్ల తర్వాత, 1798లో, ఐరిష్ తిరుగుబాటును అణచడానికి డబ్లిన్‌కు లార్డ్ లెఫ్టినెంట్‌గా వెళ్లిందీ ఇతనే. అమెరికా, ఇండియా, ఐర్లండు ఒకే ప్రభుత్వానికి మూడు తలనొప్పులని లండన్ పాలకులకు తెలుసు. అవి ఒకే కథలో మూడు అధ్యాయాలని డ్యువేన్‌లాంటి వాళ్లకు అనుభవంలోకి వచ్చింది.

'బెంగాల్ జర్నల్' పోయాక పెట్టిన 'వరల్డ్'లో కంపెనీ సైన్యంలోని అధికారుల అసంతృప్తికి చోటిచ్చాడు. జీతాల విషయంలో, రాజుగారి సైన్యపు అధికారులతో సమాన హోదా విషయంలో వాళ్లు అప్పుడు తిరుగుబాటు అంచున ఉన్నారు. పారిస్‌లో రాజు తల తెగి రెండేళ్లు కాలేదు. సైన్యంలో అలజడి, సంపాదకుడి నోట ఫ్రెంచి భావాలు... రెండూ కలిస్తే షోర్‌కు నిద్ర పట్టలేదు. మద్రాసులో కూడా అదే గాలి. 1795లో అక్కడ అనుమతి లేకుండా 'ఇండియా హెరాల్డ్' పెట్టిన హంఫ్రీస్‌ను పట్టుకుని ఇంగ్లండుకు పంపేయబోతే, ఓడ మీంచి తప్పించుకున్నాడు. ఆ ఏడే మద్రాసు ప్రభుత్వం పత్రికలకు ముందస్తు సెన్సారు పెట్టింది. తెలుగు జిల్లాలను ఏలిన కోటలో పత్రికల కట్టడి మొదలైంది ఆ భయంతోనే.

1795 మధ్యలో డ్యువేన్ లండన్ చేరాడు. పోయిన ఆస్తికి పరిహారం ఇమ్మని కంపెనీ డైరెక్టర్లను అడిగాడు, పార్లమెంటును అడిగాడు. ఎక్కడా దమ్మిడీ రాలేదు. అప్పటికి లండన్ కరెస్పాండింగ్ సొసైటీ అనే సంఘం పేరు మారుమోగుతోంది. చెప్పులు కుట్టే థామస్ హార్డీ 1792లో మొదలుపెట్టిన సంఘమది. చేతిపనివాళ్లు, చిన్న దుకాణదారులు వారం వారం చిల్లర చందా కట్టి, మగవాళ్లందరికీ ఓటు కావాలని అడిగేవారు. డ్యువేన్ అందులో చేరి 'టెలిగ్రాఫ్' పత్రికలో పనిచేశాడు. నవంబరులో కోపెన్‌హాగెన్ ఫీల్డ్స్ మైదానంలో ఆ సంఘం పెట్టిన భారీ సభకు అతనే అధ్యక్షుడు. అంతకు రెండు వారాల ముందే రాజు బండి మీద జనం దాడి చేశారు. దాన్ని సాకుగా చూపి, యాభైమందికి మించిన సభలను కట్టడి చేసే చట్టం డిసెంబరుకల్లా వచ్చేసింది. మరుసటి ఏడు డ్యువేన్ భార్యాపిల్లలతో అమెరికా ఓడ ఎక్కాడు. ఈసారి ఎవరూ పట్టుకుని ఎక్కించలేదు. ఎక్కక తప్పని పరిస్థితి తెచ్చారంతే.

అప్పటి అమెరికా రాజధాని ఫిలడెల్ఫియా. ఆ ఊరి వీధుల్లో ఒక పూట తిరిగితే సగం యూరప్ రాజకీయం చెవిన పడేది. ఫ్రంట్, వాల్‌నట్ వీధుల మూలలో మార్టినిక్‌లో పుట్టిన మోరో ద సాంమెరీ పుస్తకాల దుకాణం ఉండేది. పారిస్‌లో విప్లవం తొలి రోజుల్లో ముందు వరుసలో ఉండి, తర్వాత తల కాపాడుకోవడానికి పారిపోయి వచ్చినవాడు. సాయంత్రాలు టాలీరాండ్‌లాంటి ప్రవాసులు అతని దగ్గర చేరేవారు. సాన్-డొమాంగ్ ద్వీపం మీద అతను రాసిన పెద్ద చరిత్ర గ్రంథం అచ్చయింది ఫిలడెల్ఫియాలోనే. ఆ ద్వీపంలో బానిసలు తిరగబడి, 1793లో కాప్-ఫ్రాంసే పట్టణం తగలబడ్డాక వేలమంది శరణార్థులు బాల్టిమోర్, నార్‌ఫోక్, ఫిలడెల్ఫియా రేవుల్లో దిగారు. వాళ్లలో తోటల యజమానులున్నారు. వాళ్లు వెంటబెట్టుకొచ్చిన బానిసలూ ఉన్నారు. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం ఆరు నెలలు అక్కడ ఉంటే బానిసకు విడుదల. చాలామంది యజమానులు ఆ గడువు దాటకముందే వాళ్లను ఏళ్ల తరబడి వెట్టి ఒప్పందాల్లోకి మార్చుకున్నారు. ప్రవాసం అందరికీ ఒకటి కాదని ఆ ఒప్పంద పత్రాలు చెబుతాయి.

మార్కెట్ వీధిలో మాథ్యూ కేరీ పుస్తకాలు అచ్చువేసేవాడు. డబ్లిన్‌లో కుర్రతనంలోనే ఒక కరపత్రం రాసి చిక్కుల్లో పడి పారిస్ పారిపోయి, అక్కడ ఫ్రాంక్లిన్ సొంత అచ్చుయంత్రం దగ్గర పనిచేశాడు. డబ్లిన్ తిరిగొచ్చి పత్రిక పెట్టి జైలుకెళ్లాడు. 1784లో ఆడవేషం వేసుకుని ఓడెక్కాడు. ఫిలడెల్ఫియాలో దిగినప్పుడు చేతిలో చిల్లిగవ్వ లేదు. పారిస్‌లో పరిచయమైన లాఫాయెట్ అప్పుడు అమెరికా పర్యటనలో ఉన్నాడు. 400 డాలర్లు పంపి, పత్రిక పెట్టుకోమన్నాడు. నలభయ్యేళ్ల తర్వాత, 1824లో లాఫాయెట్ మళ్లీ అమెరికా వచ్చినప్పుడు కేరీ ఆ సొమ్ము తిరిగిచ్చాడు. విప్లవకాలపు సంబంధాలు దేని మీద నిలబడ్డాయో అర్థం కావాలంటే సిద్ధాంత గ్రంథాలతోపాటు ఈ అప్పుల పద్దులు కూడా చదవాలి. పరిచయం, ఉత్తరం, చేబదులు, ఒక పని - ఈ నాలుగూ లేకుండా ఏ ప్రవాసీ నిలదొక్కుకోలేదు.

ఐర్లండులో బ్రిటిష్ పాలనను ఎదిరించిన యునైటెడ్ ఐరిష్‌మెన్ సంఘ నాయకులకు కూడా ఆ ఊరు మజిలీ అయింది. వోల్ఫ్ టోన్ 1795 ఆగస్టులో కుటుంబంతో వచ్చాడు. అతనికంటే ముందే డాక్టర్ జేమ్స్ రేనాల్డ్స్, హామిల్టన్ రోవన్ వచ్చి ఉన్నారు. రోవన్ డబ్లిన్ జైలు నుంచి తప్పించుకుని, చిన్న పడవలో ఫ్రాన్స్ చేరి, రోబెస్పియర్ పతనం కళ్లారా చూసి వచ్చినవాడు. టోన్‌కు అమెరికా నచ్చలేదు. డబ్బు తప్ప మరో ధ్యాస లేని మనుషులని విసుక్కున్నాడు. ప్రిన్స్‌టన్ దగ్గర పొలం కొనుక్కుని రైతుగా బతుకుదామని కూడా అనుకున్నాడు. కానీ ఐర్లండు నుంచి మిత్రుల ఉత్తరాలు వచ్చాయి. ఫిలడెల్ఫియాలోని ఫ్రెంచి రాయబారి దగ్గర పరిచయపత్రం పుచ్చుకుని, 1796 జనవరి 1న న్యూయార్క్‌లో ఓడెక్కి, నెలరోజుల్లో ఫ్రాన్స్ చేరాడు. ఆ ఏడాది చివర్లో 43 ఓడలు, దాదాపు 15,000 మంది సైనికులతో ఫ్రెంచి నౌకాదళం ఐర్లండులోని బాంట్రీ అఖాతం దాకా వెళ్లింది. తుపాను అడ్డుపడకపోతే ఏమయ్యేదో! ఆ దండయాత్రకు తొలి ఉత్తరం రాసింది ఫిలడెల్ఫియాలో కూర్చున్న ఒక బహిష్కృతుడు. రెండేళ్ల తర్వాత టోన్ మరో ఫ్రెంచి నౌకలో పట్టుబడి, ఉరిశిక్ష పడ్డాక, డబ్లిన్ జైలులో తన గొంతు తానే కోసుకుని చనిపోయాడు. అతనికి 35 ఏళ్లు.

డ్యువేన్ ఈ ఊళ్లోకి వచ్చీ రాగానే చేసిన పని జార్జ్ వాషింగ్టన్‌తో తలపడటం. 1796 చివర్లో జాస్పర్ డ్వైట్ అన్న మారుపేరుతో అధ్యక్షుడికి బహిరంగలేఖ అచ్చువేశాడు. స్వాతంత్ర్యం వచ్చి ఇరవయ్యేళ్లయినా వందలమంది మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్న పెద్దమనిషి స్వేచ్ఛ గురించి ఎలా మాట్లాడతాడని అడిగాడు. వాషింగ్టన్‌ను దేవుడిలా కొలిచే దేశంలో, అంతకు కొన్ని నెలల ముందే దిగిన మనిషి ఆ మాట అనడానికి గుండె కావాలి.

1798లో అతను 'అరోరా' పత్రికలో చేరాడు. దాని యజమాని బెంజమిన్ ఫ్రాంక్లిన్ బేచ్ మహానుభావుడు ఫ్రాంక్లిన్‌కు మనవడు. తాతగారి ఇంటి ఆవరణలోనే అచ్చు. జెఫర్సన్ పక్షానికి అది గొంతు. అమెరికాలో పత్రికలు అంతగా బలం పుంజుకోవడానికి ఒక చిన్న ఏర్పాటు కారణం. 1792 నాటి తపాలా చట్టం ప్రకారం ఒక పత్రిక తన ప్రతిని మరో పత్రికకు తపాలా ఖర్చు లేకుండా పంపుకోవచ్చు. చందాదారులకైతే వంద మైళ్ల లోపు ఒక సెంటు, ఆపైన ఒకటిన్నర సెంటు. దాంతో ఫిలడెల్ఫియాలో సోమవారం వచ్చిన వ్యాసాన్ని వెర్మాంట్‌లోనో కెంటకీలోనో మరో సంపాదకుడు కొద్ది వారాల్లో తన పత్రికలో ఎత్తి వేసుకునేవాడు. 'అరోరా' డబ్బు సంపాదించలేదు, నష్టాల్లో నడిచింది. కానీ దాని మాట దేశమంతా తిరిగింది. కలకత్తాలో, లండన్‌లో, క్లాన్‌మెల్‌లో అచ్చుపని నేర్చిన డ్యువేన్‌కు ఇంత పొడుగు చేయి ఉన్న యంత్రం అంతకుముందెప్పుడూ దొరకలేదు.

1798 భయాల సంవత్సరం. అమెరికా, ఫ్రాన్స్ సముద్రం మీద యుద్ధం దాకా వచ్చాయి. ఐర్లండు భగ్గుమంది. హైదరాబాదులో కూడా ఆ వేడి తగిలింది. నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమాన్ పెంచిన దళం ఫ్రెంచి గణతంత్రపు మూడురంగుల జెండా పట్టుకుని తిరుగుతుంటే కంపెనీ దొరలు బెంబేలెత్తారు. ఆ మార్చిలో రేమాన్ చనిపోయాడు. సెప్టెంబరులో నిజాంతో కంపెనీ సైన్య సహకార సంధి కుదిరింది. అక్టోబరులో దాదాపు 14,000 మంది దళాన్ని నిరాయుధం చేసి, ఫ్రెంచి అధికారులను వెళ్లగొట్టారు. హైదరాబాదులో మూసారాంబాగ్ దగ్గరున్న రేమాన్ సమాధి ఆ రోజులకు గుర్తు. ఆ ఏడాది వేసవిలోనే ఫిలడెల్ఫియాలో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం, ప్రమాదకరమని తోచిన ఏ విదేశీయుణ్నైనా విచారణ లేకుండా దేశం నుంచి పంపేయవచ్చు. కంపెనీ అనుమతి రద్దు లాంటిదే ఇదీ. పౌరసత్వానికి నివాస గడువును 5 ఏళ్ల నుంచి 14 ఏళ్లకు పెంచారు. జులై 14న, బాస్టీల్ కూలిన రోజునే, ప్రభుత్వాన్ని విమర్శించే రాతలను శిక్షించే రాజద్రోహ చట్టం వచ్చింది.

విదేశీయుల చట్టం కింద నిజానికి ఒక్కణ్నీ పంపలేదు. ఆ అవసరం రాలేదు. చరిత్రకారుడు వోల్నే, దుకాణదారు మోరో ద సాంమెరీ ముందే మూటాముల్లె సర్దుకుని ఫ్రాన్స్ ఓడెక్కారు. ఐరిష్‌వాళ్లకు అలా వెనక్కి వెళ్లే చోటు లేదు. లండన్‌లోని అమెరికా రాయబారి రూఫస్ కింగ్, జైల్లో ఉన్న ఐరిష్ నాయకులను అమెరికా పంపవద్దని బ్రిటిష్ ప్రభుత్వానికి గట్టిగా చెప్పాడు. రాజద్రోహ చట్టం మాత్రం పళ్లు చూపింది. ఐర్లండులో పుట్టిన వెర్మాంట్ కాంగ్రెస్ సభ్యుడు మాథ్యూ లయన్‌కు నాలుగు నెలల జైలు, 1,000 డాలర్ల జరిమానా పడ్డాయి. ఓటర్లు అతన్ని జైల్లో ఉండగానే మళ్లీ గెలిపించారు. మాంచెస్టర్ నుంచి వచ్చిన థామస్ కూపర్‌కు ఆరు నెలలు, స్కాట్లండు కాందిశీకుడు జేమ్స్ కాలెండర్‌కు తొమ్మిది నెలలు.

అంతలో ఎల్లో ఫీవర్ వచ్చింది. డ్యువేన్ భార్య కేథరిన్ ఆ జులైలోనే చనిపోయింది. కట్టుకున్నవాడు ఇండియాలో ఉన్నన్నాళ్లూ పిల్లల్ని ఒంటరిగా పెంచిన మనిషి ఆమె. రాజద్రోహం కేసు మీదున్న బేచ్ సెప్టెంబరు 10న జ్వరానికి బలయ్యాడు. వయసు 29. పత్రిక మూతపడిందని ప్రత్యర్థులు సంబరపడ్డారు. బేచ్ భార్య మార్గరెట్ నవంబరు 1న మళ్లీ తెరిపించింది, సంపాదకత్వం డ్యువేన్‌కు అప్పగించింది. 1800లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. మార్గరెట్ ఆ రోజు తలుపులు మూసేసి ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది. కథలన్నీ సంపాదకుల పేర్లతోనే చెప్పుకుంటారు గనక ఆమె పేరు పుస్తకాల్లో ఓ మూలకే పరిమితమైంది.

1799 ఫిబ్రవరిలో ఒక ఆదివారం. విదేశీయుల చట్టాన్ని రద్దు చేయమని కోరే విజ్ఞప్తి పట్టుకుని డ్యువేన్, డాక్టర్ రేనాల్డ్స్, మరో ఇద్దరు సెయింట్ మేరీస్ క్యాథలిక్ చర్చి ఆవరణకు వెళ్లారు. ఐర్లండులో పుట్టినవాళ్లంతా ప్రార్థన అయ్యాక ఉండి సంతకాలు పెట్టమని నోటీసులు అంటించారు. చర్చిలో ఆడమ్స్‌ను బలపరిచే ఫెడరలిస్టు పక్షంవాళ్లు వాటిని చింపారు. తోపులాట ముదిరింది. రేనాల్డ్స్ పిస్తోలు తీశాడు. నలుగురి మీదా అల్లరి కేసు పెట్టారు. వాళ్ల తరఫున వాదించిన అలెగ్జాండర్ డాలస్ జమైకాలో పుట్టిన వకీలు. జ్యూరీ కాసేపటికే వాళ్లను వదిలేసింది.

కోర్టులో కుదరనిది వీధిలో జరిగింది. మే 15న ముప్పైమంది దాకా స్వచ్ఛంద అశ్వికదళం సభ్యులు 'అరోరా' కార్యాలయంలో జొరబడ్డారు. పెన్సిల్వేనియా పల్లెల్లో పన్నుల తిరుగుబాటును అణచడానికి వెళ్లిన సైనికులు జనం మీద పడి తిన్నారని డ్యువేన్ రాసినందుకు వచ్చారు. పేర్లు చెప్పమంటే చెప్పలేదు. బయటికి ఈడ్చి స్పృహ తప్పేదాకా కొట్టారు. అడ్డుపడిన కొడుకు విలియం జాన్‌నూ కొట్టారు. మరునాడు పత్రిక మామూలుగానే వచ్చింది. సరిగ్గా అదే మే నెలలో కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ, ప్రతి పత్రికా అచ్చుకు ముందు ప్రభుత్వానికి చూపించి తీరాలన్న నిబంధనలు ప్రకటించాడు. షోర్ ఒక్కడి మీద వాడిన అధికారం వెల్లెస్లీ చేతిలో అందరికీ వర్తించే నియమమైంది.

అమెరికా విదేశాంగ మంత్రి టిమోతీ పికరింగ్ డ్యువేన్ జాతకమంతా తవ్వి అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. ఇండియాలో గొడవలు చేసి బహిష్కరణకు గురైనవాడు, పుట్టింది ఇక్కడేనని చెప్పుకుంటాడు గానీ నిజానికి బ్రిటిష్ ప్రజ. విదేశీయుల చట్టం ప్రయోగించాల్సినవాడేనని ఆడమ్స్ జవాబిచ్చాడు. డ్యువేన్ పుట్టిన ఊరి ప్రశ్న ఇలా జీవన్మరణ సమస్య అయింది. అమెరికాలో పుట్టాడంటే చట్టం అతన్ని తాకలేదు. 1801లో ఒక పరువునష్టం దావాలో కోర్టు అతన్ని విదేశీయుడిగానే తేల్చింది. మరుసటి ఏడు అతను మామూలు వలసదారుడిలా ప్రమాణం చేసి పౌరుడయ్యాడు.

ఈలోగా 1800 ఫిబ్రవరిలో అతని చేతికి సెనేట్ గుట్టు చిక్కింది. అధ్యక్ష ఎన్నికలో వివాదమున్న ఓట్లను లెక్కించాలో వద్దో తేల్చే అధికారం ఒక కమిటీకి, అదీ తలుపులు మూసుకుని కూర్చునే కమిటీకి ఇవ్వాలన్న బిల్లు. దాన్ని యథాతథంగా అచ్చువేశాడు. సెనేట్ సభాహక్కుల ఉల్లంఘన అని పిలిపించింది. మొదట హాజరై, వకీళ్లను మాట్లాడనివ్వరని తేలాక అజ్ఞాతంలోకి జారుకున్నాడు. సెనేట్ సిబ్బంది ఊరంతా గాలిస్తుంటే అతని వ్యాసాలు రోజూ వచ్చేవి. బిల్లు చట్టం కాలేదు.

ఆ ఎన్నికలో జెఫర్సన్‌కు, అతని పక్షంవాడే అయిన బర్‌కు 73 ఓట్ల చొప్పున వచ్చాయి. ఆడమ్స్‌కు 65. ప్రతినిధుల సభ 36వ దఫా ఓటింగులో జెఫర్సన్‌ను ఎన్నుకుంది. పదవి దిగిన కొద్ది వారాలకు ఆడమ్స్ ఒక మిత్రుడికి రాస్తూ, విదేశాల నుంచి వచ్చిన అబద్ధాలకోరులు ఈ దేశపు విద్యనూ ఆస్తినీ ఓడించారని వాపోయాడు. గడ్డు రోజుల్లో 'అరోరా'యే తమవాళ్లను ఒక్కతాటి మీద నిలిపిందని జెఫర్సన్ తర్వాత ఒప్పుకున్నాడు. ఇద్దరి మాటలూ ఒకే వాస్తవాన్ని చెబుతున్నాయి.

అయితే ఇక్కడ డ్యువేన్‌ను పొగిడి ఊరుకోవడం అన్యాయం. చర్చి ఆవరణలో ఐరిష్‌వాళ్ల విజ్ఞప్తికి కొట్లాట జరిగిన ఏడాదిలోపే అదే ఊళ్లో మరో విజ్ఞప్తి తయారైంది. అబ్సలోం జోన్స్ నాయకత్వంలో డెబ్బైమందికి పైగా స్వేచ్ఛ పొందిన నల్లజాతివారు, బానిస వ్యాపారాన్నీ పారిపోయిన బానిసలను పట్టిచ్చే చట్టాన్నీ సవరించమని కాంగ్రెసుకు పంపారు. 1800 జనవరిలో ప్రతినిధుల సభ దాన్ని 85-1 ఓట్లతో పక్కనపెట్టింది. ఫెడరలిస్టులూ జెఫర్సన్ పక్షంవాళ్లూ ఆ ఒక్క విషయంలో కలిసిపోయారు. వాషింగ్టన్‌ను బానిసల గురించి నిలదీసిన డ్యువేన్ తానూ బానిసలను ఉంచుకున్న జెఫర్సన్ కోసం రక్తమోడేలా పోరాడాడు. 1790 చట్టం వలస వచ్చినవాళ్లకిచ్చే పౌరసత్వాన్ని తెల్లవాళ్లకే పరిమితం చేసింది. గడువు 14 ఏళ్లా 5 ఏళ్లా అన్న గొడవంతా ఆ గీతకు ఇవతలే జరిగింది. 1802లో గడువును మళ్లీ 5 ఏళ్లకు తగ్గించారు, గీత చెరగలేదు. సాన్-డొమాంగ్ నుంచి వెట్టి ఒప్పందాలతో వచ్చినవాళ్లకు ప్రవాసుల పత్రికల్లో దక్కిన చోటు చాలా తక్కువ.

కింగ్ అడ్డుకున్న ఐరిష్ ఖైదీల్లో థామస్ ఆడిస్ ఎమ్మెట్ ఒకడు. స్కాట్లండులోని ఫోర్ట్ జార్జ్ కోటలో 1802 దాకా బందీగా గడిపి, 1804లో ఎలాగైతేనేం న్యూయార్క్ చేరాడు. 1807లో కింగ్ అక్కడ ఎన్నికల్లో నిలబడితే, నీవల్లే అన్నేళ్లు జైల్లో మగ్గామని బహిరంగ లేఖలు రాశాడు. ఐరిష్ ఓటర్లు మర్చిపోలేదు. కింగ్ ఓడిపోయాడు. ఎమ్మెట్ 1812లో ఆ రాష్ట్రానికి అటార్నీ జనరల్ అయ్యాడు.

డ్యువేన్ చూపు ఆ తర్వాత దక్షిణానికి తిరిగింది. 1796లోనే ఫిలడెల్ఫియా చేరిన మాన్యుయెల్ టోరెస్ అతనికి ఆప్తమిత్రుడు. స్పెయిన్‌లో పుట్టి, న్యూ గ్రనడాలో వైస్‌రాయ్‌గా ఉన్న ఆర్చిబిషప్‌కు మేనల్లుడై కూడా కుట్ర కేసులో పారిపోయి వచ్చాడు. ఆ కేసుకు ముందు బొగోటాలో అంటోనియో నారిన్యో మానవ హక్కుల ప్రకటనను స్పానిష్‌లో అచ్చువేసి జైలుకెళ్లాడు. టోరెస్ ఇరవయ్యేళ్లకు పైగా స్పానిష్ అమెరికా వార్తలను అనువదించి 'అరోరా'కు అందించాడు, తిరుగుబాటుదారులకు ఆయుధాలు కొనిపెట్టాడు. 1822 జూన్ 19న అధ్యక్షుడు మన్రో అతన్ని కొలంబియా రాయబారిగా స్వీకరించాడు. మంచం పట్టి ఉన్న మనిషి అతికష్టం మీద వాషింగ్టన్ వెళ్లి వచ్చాడు. నెల తిరక్కుండా జులై 15న చనిపోతే, సంతకాల గొడవ జరిగిన సెయింట్ మేరీస్ చర్చిలోనే సమాధి చేశారు. ఆ ఏడే డ్యువేన్ పత్రిక వదులుకుని, అరవై దాటిన వయసులో కొలంబియాకు ప్రయాణమయ్యాడు. ఆ యాత్ర మీద 1826లో పెద్ద పుస్తకం వేశాడు.

క్లాన్‌మెల్‌లో పుట్టి, తండ్రి కోసం దెబ్బలు తిన్న విలియం జాన్ 1833లో అమెరికా ఖజానా మంత్రి అయ్యాడు. జాతీయ బ్యాంకు నుంచి ప్రభుత్వ డిపాజిట్లు తీసేయమని అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఆదేశించాడు. కాంగ్రెసును అడక్కుండా ఆ పని చేయనన్నాడు. రాజీనామా చేయమంటే అదీ చేయనన్నాడు. సెప్టెంబరులో జాక్సన్ అతన్ని పదవి నుంచి తొలగించాడు. తండ్రి అప్పటికి బతికే ఉన్నాడు.